ఒక కుర్చీ తక్కువ

ఫూంగ్ టీచరు దగ్గరికి బయాలజీ నేర్చుకోవడానికి మొదటిసారి వచ్చిన పిల్లలకి ముందు దొరికేది పాఠం కాదు, అవమానం. శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటి ముందు కారు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉంటాయి. ఎంతమంది వస్తారో ఆవిడకి ముందే తెలుసు. అయినా ప్రతి ఏడూ మొదటి రోజున ఒక కుర్చీ తక్కువే వేస్తుంది. ఆఖరున వచ్చినవాళ్ళు పుస్తకాల సంచీ గుండెకి హత్తుకుని నిలబడాలి. రేకుల మీద మా ఊరు తైపింగ్ వాన దబదబా కొడుతూ ఉంటుంది. లోపలికి పోదామంటే గుమ్మానికి అడ్డంగా ఆవిడ.

కాసేపు అలా నిలబెట్టి అడుగుతుంది. "నీకిప్పుడు ఎవరి మీద కోపంగా ఉంది?"

ఎవరి మీదా లేదని నసుగుతారు. ఆవిడ వదలదు. చివరికి ఆ నిలబడ్డ పిల్ల చూపు తనకి దగ్గర్లో హాయిగా కూర్చున్నవాళ్ళ మీదకి పోతుంది. ఎప్పుడూ అంతే, ఏ ఒక్క ఏడూ ఇంకోలా జరగలేదు.

"కుర్చీలు వేసింది ఎవరు?" అంటుంది అప్పుడు.

అందరూ నవ్వేస్తారు. లోపల్నించి ఇంకో కుర్చీ వస్తుంది, పాఠం మొదలవుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించకురా అని మా అమ్మ బగాన్ దాతో అనే ఊరి కొబ్బరితోటలో నా వీపు మీద చరుస్తూ చెప్పిన ముక్కనే ఈవిడ కుర్చీలు వేసి చెప్పేది.

ఆవిడ పూర్తి పేరు ఫూంగ్ స్యూ లాన్. ఆవిడ పనిచేసే బడిలోనే నేను లెక్కల మాస్టర్ని, అప్పలస్వామిని. శనివారాలు ఆ షెడ్డులోనే ఓ మూల నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఇద్దరం ఫీజు తీసుకునేవాళ్ళం కాదు కాబట్టి పిల్లలకిచ్చే బార్లీ నీళ్ళే నాకూ గతి. కాఫీ అడిగితే ఎదురుగా కొట్టుందిగా, కాళ్ళు లేవా అనేది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం తైపింగ్‌లో ఎవరికీ లేదు.

తండ్రి సైకిళ్ళు బాగుచేసేవాడు. ఈవిడ చిన్నప్పుడు జిల్లా మొత్తానికి మొదటి మార్కులు తెచ్చుకుని డాక్టరు చదువు కోరితే సైన్సు డిగ్రీ చేతిలో పెట్టి పంపారు. పక్క బెంచీలో కూర్చునే మలాయ్ స్నేహితురాలికి మెడిసిన్ వచ్చింది. ఆ పిల్లతో ఈవిడ మాటలు మానేసింది. ఏళ్ళు గడిచాయి, ఆ డాక్టరమ్మ ఓ రోజు రోడ్డు ప్రమాదంలో పోయింది. "అది వచ్చి నా కుర్చీ లాక్కుందా ఏంటి అప్పలా? దానికి ఇచ్చారు, కూర్చుంది. నేను తిట్టాల్సినవాళ్ళ మొహమే నాకు తెలీదు, తెలిసిన మొహం అది కదా, అందుకని దాన్ని తిట్టా" అని నాతో ఒక్కసారే చెప్పింది. ఆ తర్వాతి ఏడే షెడ్డులో కుర్చీ తగ్గింది.

మా మలాయ్ దేశంలో పదకొండేళ్ళ బడి అయ్యాక యూనివర్సిటీకి రెండు దారులు. ఒకటి మెట్రిక్. ఏడాదిలో అయిపోతుంది, అందులో సీట్లు చాలామటుకు మలాయ్ పిల్లలవి. రెండోది ఫారం సిక్స్. ఏడాదిన్నర, పరీక్షలు పళ్ళు రాలగొడతాయి, మిగిలినవాళ్ళకి అదే దిక్కు. రెండు దారులవాళ్ళూ చివరికి ఒకే గుమ్మం ముందుకి చేరతారు. లోపల ఎవర్ని ఏ లెక్కన పిలుస్తున్నారో బయటికి చెప్పరు. బడి మొహం చూడని పల్లెల పిల్లల కోసం ఒకప్పుడు ఈ ఏర్పాటు చేశారు, అది మంచిదే, కాదనను. కానీ తోట కూలీల ఇళ్ళలోంచి వచ్చిన మా పిల్లలూ ఆ పల్లె పిల్లలంత పేదవాళ్ళే. లెక్కల మాస్టర్ని, లెక్క చూపించకుండా జవాబు మాత్రం రాసే పిల్లాడికి నేను సున్నా వేస్తాను. ప్రభుత్వానికి వేసే వీలు లేక ఊరుకున్నాను.

నేను చెప్పబోయే ఏడు ఫారం సిక్స్‌లోకి హజీరా వచ్చి చేరింది. ఫైర్ స్టేషన్లో పనిచేసే మలాయ్ ఆయన కూతురు. మెట్రిక్‌లో సీటు వచ్చినా వద్దనుకుని వచ్చింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని స్టాఫ్ రూములో నవ్వారు. నేనే అడిగాను, ఎందుకమ్మా ఈ కష్టం అని. వాళ్ళ అక్క వరసామె ఆస్పత్రిలో డాక్టరట. జబ్బుచేసి వచ్చిన ఓ ముసలాయన ఆమె తలకి కట్టుకున్న గుడ్డ చూసి, కోటా డాక్టరు కాకుండా ఇంకెవరైనా ఉంటే పిలవమ్మా అన్నాడట. ఆ అక్క ఆ రోజు అన్నం తినలేదట. "నన్నెవరూ ఆ మాట అనకూడదు మాస్టారూ. అందుకే కష్టమైన దారిలో వచ్చా" అంది హజీరా.

ఆ ఏడు మొదటి శనివారం కుర్చీ దొరకనిది యోగేశ్వరికి. లారీ నడిపే మునియాండి కూతురు. పాలు, కూరగాయలు తప్ప ముట్టని ఇల్లు. మార్కుల్లో మాత్రం పులి. టీచరు అడిగితే ఆ పిల్ల తడుముకోకుండా పక్కనే కూర్చున్న హజీరాని చూపించింది. కుర్చీలు వేసింది ఎవరు అన్న ప్రశ్న వచ్చింది, అందరికంటే గట్టిగా నవ్వింది హజీరా.

అక్కణ్ణించి ఆ ఇద్దరూ విడిగా కనపడితే ఒట్టు. వానలో హజీరా స్కూటర్ వెనకాల యోగేశ్వరి, ఇద్దరి మీదా ఒకటే రెయిన్‌కోటు. వంశపారంపర్యం లెక్కలు ఒకతి చెబితే, గుండె బొమ్మలు ఇంకొకతి గీసిచ్చేది. ఉపవాసాల నెలలో స్నేహితురాలి ముందు యోగేశ్వరి మంచినీళ్ళు తాగేది కాదు. నువ్వు దాహంతో చస్తే నాకేం పుణ్యం రాదు, తాగి చావు అని హజీరా సీసా మూత తీసి ఇచ్చేది.

ఫలితాలొచ్చాయి. బడి మొత్తానికి ముగ్గురికి నాలుగుకి నాలుగు, అంటే పూర్తి మార్కులు. యోగేశ్వరి, హజీరా, వెయ్ జియాన్ అనే పెద్దగా మాట్లాడని చైనీయుల కుర్రాడు. ముగ్గురూ మెడిసినే కోరారు. ఫూంగ్ టీచరు ఆ రోజు నాకు ఎదురుకొట్టులో కాఫీ ఇప్పించింది. ఆవిడ సంతోషానికి అంతకంటే పెద్ద గుర్తు ఇంకోటి లేదు.

తర్వాత సీట్లు ప్రకటించారు. హజీరాకి మెడిసిన్. వెయ్ జియాన్‌కి మొక్కల శాస్త్రం. యోగేశ్వరికి సముద్రపు చేపల పెంపకం.

చేపల పెంపకం అన్న మాట చూసి యోగేశ్వరి ఏడవలేదట, ముందు నవ్విందట. తర్వాత గది తలుపు వేసుకుంది. హజీరా ఫోను చేస్తే ఎత్తలేదు, ఇంటికొస్తే తలుపు తీయలేదు. ఊళ్ళో కాఫీకొట్లకి మంచి మేత దొరికింది. ఒకే క్లాసు, ఒకే టీచరు, మలాయ్ పిల్లకి వచ్చింది, మన పిల్లకి రాలేదు. ఇంకేం చెప్పాలి అన్నారు. నాకూ ఒళ్ళు మండిపోయింది.

రెండ్రోజులకి మునియాండి షెడ్డు ముందు లారీ ఆపాడు. ఇంజను కూడా కట్టేయకుండా దిగి వచ్చాడు.

"ఆ పిల్ల మా అమ్మాయి సీటు తినేసింది టీచరమ్మా. మా ఇంట్లో చేప వాసన పడితేనే మా ఆవిడ నీళ్ళు జల్లుకుంటుంది. మా పిల్లకి చేపల చదువా?"

ఫూంగ్ టీచరు కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"హజీరాకి మార్కులెన్నో తెలుసా నీకు?"

"ఎన్నైతే ఏంటి? వాళ్ళకి తక్కువొచ్చినా ఇస్తారుగా."

"నాలుగుకి నాలుగు. మీ అమ్మాయికి ఎంతో అంతే."

మునియాండి నా వైపు చూశాడు, నేను తల ఊపాను. మనిషి అప్పుడు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల వాళ్ళింట్లో ఇడ్లీ తిని వెళ్ళింది, మార్కులెన్నని ఎవరూ అడగలేదు. తల మీద గుడ్డ చూశారు, మార్కులు వాళ్ళే వేసేసుకున్నారు. కాఫీకొట్టులో మాటలు చెప్పేవాళ్ళలో ఒక్కడికీ ఆ సంగతి తెలీదు.

కాస్త చల్లబడ్డాక అసలు విషయం చెప్పాడు. మా దగ్గర ఇదొక ఆనవాయితీ. సీట్లు రానివాళ్ళు ఎవరి జాతి పార్టీ ఆఫీసుకి వాళ్ళు పరిగెడతారు. భారతీయులు భారతీయుల పార్టీకి, చైనీయులు చైనీయుల పార్టీకి. ఏటా ఆ రోజుల్లో నాయకులు తమ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, చేతుల్లో మార్కుల కాగితాలు పట్టించి, పత్రికలవాళ్ళని పిలుస్తారు. ఫోటోలు పడతాయి, పై నుంచి ఒకటో రెండో సీట్లు రాలతాయి. భారతీయుల పార్టీలో దాతుక్ బిరుదున్న గుణాళన్ అనే ఆయన ఆదివారం అలాంటి సభ పెట్టాడు. యోగేశ్వరిని మధ్యలో కూర్చోబెడతానన్నాడు. ఆ మలాయ్ అమ్మాయి పేరు చెప్పు, ఒకే క్లాసులో ఇలా జరిగిందను, మొదటి పేజీలో వేస్తారు, మంత్రి కదులుతాడు, సీటు ఖాయం అని మాటిచ్చాడు.

ఫూంగ్ టీచరు వద్దంటుందనుకున్నాను. ఆవిడ వద్దనలేదు.

"వెళ్ళండి. నోరుమూసుకుని కూర్చుంటే చేపలే గతి. గట్టిగా అరవండి" అంది. తర్వాత, "ఎవర్ని చూసి అరవాలో మాత్రం మీ అమ్మాయికి చెప్పాను నేను. గుర్తుందో లేదో చూద్దాం" అంది.

ఆదివారం పార్టీ హాల్లో ఊపిరాడలేదు. పొడుగాటి బల్ల, దాని వెనక కుర్చీలు, కుర్చీల్లో మన పిల్లలు. మధ్యలో యోగేశ్వరి, చేతిలో కాగితం, కళ్ళు బల్ల మీద. దాతుక్ మైకు సరిచేసుకుంటున్నాడు. మునియాండి ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకి ఆనుకున్నాడు. కూతురు ఒక్క పేరు చెబితే డాక్టరవుతుంది, చెప్పకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. అంతవరకు నాకు స్పష్టంగా అర్థమైంది. ఆ స్థానంలో నా కూతురుంటే చెప్పెయ్యమ్మా అనేవాణ్ణేమో.

అప్పుడు వెనక తలుపులోంచి ఫూంగ్ టీచరు వచ్చింది. ఆవిడ వెనక హజీరా.

ఆ హాలు కట్టినప్పట్నించి ఇలాంటి సభకి మలాయ్ పిల్ల ఎవరూ వచ్చి ఉండరు. గుసగుసలు మొదలయ్యాయి. దాతుక్ మొహం మాడిపోయింది. ఈ అమ్మాయెవరు, ఎందుకు తెచ్చారని గొంతు తగ్గించి అడిగాడు. నా స్టూడెంటు, సీట్ల గురించే కదా సభ అంది టీచరు. కుర్చీ ఎవరూ ఇవ్వలేదు. హజీరా బల్ల చివర నిలబడింది, తడిసిన రెయిన్‌కోటు మడిచి చేత్తో పట్టుకుని.

పత్రికలాయన యోగేశ్వరిని అడిగాడు, మీ క్లాసులో మెడిసిన్ ఎవరికి వచ్చిందని. దాతుక్ ఆమె వైపు వంగి, చెప్పమన్నట్టు తల ఊపాడు.

యోగేశ్వరి తలెత్తి నిలబడి ఉన్న హజీరాని చూసింది. తర్వాత తనూ లేచి నిలబడింది.

"మా క్లాసులో ముగ్గురికి ఫుల్ మార్కులు. ఒకే షెడ్డులో చదివాం, ఒకళ్ళ పుస్తకాల్లో ఒకళ్ళం రాసుకున్నాం. తనకెందుకు వచ్చిందని నేను అడగట్లేదు. నాకెందుకు రాలేదో చెప్పమంటున్నాను. వెయ్ జియాన్‌కి ఎందుకు రాలేదో కూడా చెప్పమంటున్నాను."

వెయ్ జియాన్ మన పార్టీ పిల్లాడు కాదు కదమ్మా అని దాతుక్ మైకులోనే అనేశాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

హజీరా ముందుకొచ్చింది. "నేను మెట్రిక్ వదులుకుని ఏడాదిన్నర కష్టపడి చదివా, నా సీటు నాదే అనిపించుకోవాలని. ఇప్పుడు యోగేస్‌ని బయట నిలబెట్టి నన్ను లోపలికి పిలిస్తే, చచ్చేదాకా నన్ను కోటా డాక్టరనే అంటారు. తన మార్కులతో పాటు నా మార్కులూ పోయినట్టే. నా సీటు నేను వదులుకోను, అది నేను సంపాదించుకున్నది. తనది తనకి ఇవ్వండి."

పత్రికలాయన తెలివైనవాడు. గోడ దగ్గరున్న మునియాండి వైపు తిరిగాడు. ఈ అమ్మాయి మీద మీకు కోపం లేదా అని అడిగాడు. అందరి తలలూ అటు తిరిగాయి.

మునియాండి జన్మలో మైకు చూడని మనిషి. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"మొన్నటిదాకా ఉందండీ. కుర్చీలు వేసింది ఈ పిల్ల కాదని తర్వాత తెలిసింది" అన్నాడు.

దాతుక్‌కి ఆ మాట బోధపడలేదు. మాకు బోధపడింది, ఆ కుర్చీ సంగతి కూతురు ఇంట్లో ఎప్పుడో చెప్పే ఉంటుంది. ఫూంగ్ టీచరు మొహం తిప్పుకుని, హాల్లో ఏసీ ఎక్కువైంది అప్పలా, కళ్ళు మండుతున్నాయి అంది. ఆ హాల్లో ఉన్నవి ఫాన్లే.

మర్నాడు పేపర్లో దాతుక్ ఫోటో చిన్నదైపోయింది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు పిల్లల ఫోటో పెద్దగా పడింది. ఆయనకి అది నచ్చలేదు కానీ ఆయనే పై ఆఫీసులకి తిరగక తప్పలేదు. సీటు ఇప్పిస్తానని సభ పెట్టి వెనక్కి తగ్గితే పరువు పోతుంది కదా. యోగేశ్వరి అప్పీలు పెట్టింది. ఫైర్ స్టేషన్ మొత్తం సంతకాలు పెట్టి ఒక అర్జీ పంపారు. అది హజీరా తండ్రి చేసిన పని. ఆయన ఎవరికీ చెప్పలేదు, స్టేషన్ పక్కనున్న కొట్టువాడు చెబితే తెలిసింది.

క్లాసులు మొదలవబోతుండగా యోగేశ్వరికి మెడిసిన్ సీటు వచ్చింది. హజీరా చేరింది ఒక ఊరు, ఈమెకొచ్చింది ఇంకో ఊరు. మొదట ఎందుకు రాలేదో సీటిచ్చిన కాగితంలో రాయలేదు. ఇప్పుడెందుకు వచ్చిందో కూడా రాయలేదు. ఆ రెండూ అడుగుతూ యోగేశ్వరి మళ్ళీ ఉత్తరం రాసింది. సీటు చేతికొచ్చాక కూడా అడిగిన పిల్ల అదొక్కతే అని నేననుకుంటాను. జవాబు ఇంతవరకు లేదు.

వెయ్ జియాన్‌కి రాలేదు. సింగపూరువాళ్ళు పిలిచి ఇంజనీరింగు చదివిస్తామన్నారు, వెళ్ళిపోయాడు. మన ఇంట్లో కుర్చీ వేయకపోతే పక్కింటివాళ్ళు వేస్తారు, తర్వాత వాడు మనింటికి రాలేదని ఏడవకూడదు అంది ఫూంగ్ టీచరు. యోగేశ్వరికి సీటొచ్చిన రోజు ఆవిడ నాకు కాఫీ ఇప్పించలేదు. ఎందుకని అడిగితే, ఇంకొకడు నిలబడే ఉన్నాడుగా అంది.

మునియాండి సంతోషం పట్టలేక ఓ సాయంత్రం లారీలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల దొంతర తెచ్చి షెడ్డులో దింపాడు. ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఇన్ని కుర్చీలు ఇక్కడ పెడితే నేనింక ఏం పాఠం చెప్పను? తీసుకుపో" అని అరిచింది. అతను నవ్వుతూ లారీ ఎక్కి పోయాడు. కుర్చీల దొంతర గోడవారన అలాగే ఉండిపోయింది.

కొత్త ఏడు మొదటి శనివారం. మళ్ళీ వాన. ఆవిడ ఎప్పట్లాగే పాత కుర్చీలు ఒకటి తక్కువగా వేసింది. ఎర్ర దొంతరని ముట్టుకోలేదు, దాచనూ లేదు. చేపల రేవు కువాలా సెపెటాంగ్ నుంచి బస్సు దిగి పరిగెత్తుకొచ్చిన పిల్ల ఆఖరిది. పేరు చ్యూ లింగ్. తడిసి ముద్దయి ఉంది. కూర్చున్నవాళ్ళందరినీ ఒకసారి చూసింది. నేను లెక్కల పుస్తకం మూసి చూస్తున్నాను.

ఆ పిల్ల కూర్చున్నవాళ్ళ మీంచి చూపు తీసి, గోడవారనున్న దొంతర చూసి, సూటిగా ఫూంగ్ టీచరు మొహంలోకి చూసింది.

"టీచర్, కుర్చీ తక్కువైంది. అక్కడ అన్ని పెట్టుకుని ఇక్కడ ఎందుకు తక్కువ వేశారు?"

ఎన్నో ఏళ్ళుగా ప్రశ్నలడిగిన మనిషిని ఆ రోజు ఒక పిల్ల ప్రశ్న అడిగింది. నేనూ యోగేశ్వరీ మునియాండీ, ఆ హాల్లో ఉన్నవాళ్ళందరూ ఏ జవాబు కోసం కాచుకుని కూర్చున్నామో, ఆ జవాబు ఆవిడ ఇచ్చింది.

"నాదే తప్పు" అంది. "ఒకటి తెచ్చుకుని కూర్చో."